మైనస్ పదకొండు సెంటీమీటర్లు

పురపాలక కార్యాలయం వీధుల విభాగంలో ఒక ఉద్యోగి రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా సంతోషంగా ఉంటున్నట్టు కిందటేడు తనిఖీలో బయటపడింది. ఆ ఉద్యోగి రికార్డు గది చూసుకునే గుమాస్తా. వయసు యాభై దాటింది. చిన్నాపెద్దా అందరం ఆవిణ్ణి అక్కయ్య అనే పిలుస్తాం. సంతోషానికి కారణం ఊలు అని ప్రాథమిక విచారణలో తేలింది.

విచారణ జరిపింది స్వయంగా మా పెద్దసారే. ఏదో పాత వీధి పటం కోసం రికార్డు గదిలోకి వెళ్ళేసరికి, కిటికీ పక్క కుర్చీలో అక్కయ్య కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆకుపచ్చ ఊలు ఉండ, చేతిలో చివర కొక్కెం ఉన్న క్రోషే సూది. దాంతో దారాన్ని లాగి, మెలేసి, మళ్ళీ లాగుతున్నారు. ముఖాన చిరునవ్వు ఉంది. ఎదురుగా మనిషి ఉండి నవ్వితే మర్యాద అనుకోవచ్చు. చేతిలో ఫోనుండి నవ్వితే కాలం అలాంటిదని సరిపెట్టుకోవచ్చు. ఈ రెండూ లేకుండా, జీతం తీసుకునే మనిషి ఆఫీసు గదిలో ఒంటరిగా నవ్వుతూ కనిపించడం మా విభాగం చరిత్రలో అదే మొదటిసారి.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు పెద్దసారు.

"అల్లుతున్నాను సార్."

"ఏమిటది?"

"ఇంకా అనుకోలేదండీ."

"ఎవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదు సార్. కాస్త పెద్దదయ్యాక విప్పేస్తాను. మళ్ళీ మొదలుపెడతాను."

ఈ మాట ఆవిడ ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పారు. పందొమ్మిదేళ్ళుగా అదే ఊలుతో అల్లుతున్నానని, అది ఒకప్పుడు సగం టోపీ అని, తర్వాత ముప్పావు శాలువా అని, నడుమ కొన్నాళ్ళు తనకే తెలియని ఆకారమని కూడా చెప్పారు. పెద్దసారు పటం సంగతి మరిచిపోయి తన గదికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, ఫ్యాను వేగం పెంచుకున్నారు.

మా పెద్దసారు మామూలు మనిషి కారు. కంటికి మంచిదేదైనా ఆనితే దాన్ని బాగుచేయకుండా వదిలిపెట్టరు. ఆఫీసు వెనక చెట్టు కింద జనం నీడకు నిలబడుతున్నారని తెలిసి అక్కడ బెంచీ వేయించారు. బెంచీ పాడవుతుందని కంచె కట్టించారు. కంచె దాటుతారని గేటు పెట్టించి తాళం వేయించారు. తాళంచెవి ఆయన దగ్గరే భద్రంగా ఉంది.

ఆ సోమవారం అందరినీ హాలుకు పిలిచి ఉపన్యసించారు. "మిత్రులారా, ఒకే ఒక ఉద్యోగి అరగంటలో ఇంత సంతోషం ఉత్పత్తి చేయగలిగితే, నలభై ముగ్గురం నడుం కడితే ఎంత ఉత్పత్తి అవుతుందో ఆలోచించండి. ఈ అమూల్య వనరు పందొమ్మిదేళ్ళుగా రికార్డు గదిలో నిరుపయోగంగా పడి ఉంది. ఇందుకు బాధ్యులెవరన్నది నేనిప్పుడు అడగను. నేటి నుంచి మనమంతా అల్లుదాం. అల్లి ఆనందిద్దాం. ఆనందించి నివేదిక పంపుదాం." పెద్దసారు ఊపిరి తీసుకునే చోటు మా అకౌంటెంటుకు బాగా తెలుసు. సరిగ్గా అక్కడ చప్పట్లు మొదలుపెట్టాడు. మేమూ కలిశాం.

అలా అల్లికానంద పథకం మొదలైంది. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా అందరూ హాల్లో వరసగా కూర్చుని అల్లాలి. అన్నం ఎప్పుడు తినాలన్నది సర్క్యులర్లో లేదు. ఊలు ఫైలు అట్టల రంగులో తెప్పించారు, దుమ్ము పడినా తెలియకూడదని. సూదులు కొనడానికి వేసిన ఉపసంఘం బాగా పరిశీలించి, గోనె సంచులు కుట్టే దబ్బనాలు కొనుక్కొచ్చింది. మొదటిరోజే ముగ్గురి వేళ్ళకు చిల్లులు పడ్డాయి. సిబ్బంది పథకంలో రక్తం ధారపోస్తున్నారని ఆ వారం నివేదికలో రాశారు. ఆ తర్వాత కొక్కెం సూదులు వచ్చాయి.

సంతోషాన్ని ఎలా లెక్కించాలన్న దగ్గర కొంత చర్చ జరిగింది. పొడవులో కొలవాలని నిర్ణయించారు. మనిషికి వారానికి ముప్పై సెంటీమీటర్లు. కొలిచే బాధ్యత నాకు అప్పగించారు. ఎందుకంటే మా విభాగంలో టేపు ఉన్నది నా ఒక్కడికే. నేను కొలతల గుమాస్తాను. రోడ్లూ కాలువలూ ముందుకు జరిగిన గోడలూ కొలవడం నా ఉద్యోగం. వంద అడుగుల టేపుతో జానెడు అల్లిక కొలవడం కాస్త ఎబ్బెట్టుగానే ఉండేది కానీ, ప్రభుత్వం ఇచ్చిన టేపు అదే కాబట్టి దాంతోనే కొలిచాను.

మొదటి వారం జనం అమాయకంగా చేతిరుమాళ్ళంత ముక్కలు అల్లుకొచ్చారు. రెండో వారం అకౌంటెంటు సర్క్యులర్ను మూడుసార్లు చదివాడు. అందులో పొడవే తప్ప వెడల్పు ఊసే లేదు. మూడో వారం వేలెడు వెడల్పూ రెండు మీటర్ల పొడవూ ఉన్న పట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అతనికి ప్రశంసాపత్రం వచ్చింది. నెల తిరిగేసరికి ఆఫీసంతా పట్టీలే. ఇంకో నెలకు ఇళ్ళల్లో భార్యలూ తల్లులూ రంగంలోకి దిగారు. జీపు డ్రైవరు అత్తగారు ఒక్క పక్షంలో నలభై మీటర్లు లాగిపారేశారు. ఆవిడ మా ఆఫీసు గడప తొక్కి ఎరగరు, అయినా ఆ త్రైమాసికంలో మా అందరికన్నా సంతోషంగా ఉన్న ఉద్యోగి ఆవిడే. సిబ్బంది మాత్రం హాల్లో ఊలు ఒళ్ళో పెట్టుకుని ఫోన్లు చూసుకునేవాళ్ళు.

వెనకబడింది ఒక్క అక్కయ్యే. మొదటి వారం ఆవిడది నలభై ఒక్క సెంటీమీటర్లు కొలిచాను. రెండో వారం ముప్పై. నేను ఉద్యోగ ధర్మం తప్పను. గడిలో మైనస్ పదకొండు అని రాశాను. రెండో రోజుకల్లా మెమో తయారైంది. "గతవారం తాము సాధించిన సంతోషంలో పదకొండు సెంటీమీటర్లు ఏ కారణం చేత తగ్గినదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను." అక్కయ్య ఆ కాగితం కిందనే సమాధానం రాసి ఇచ్చారు. "ఒక వరస వదులుగా వచ్చింది. విప్పాను. విప్పడం కూడా బాగుంది." ఆ చివరి వాక్యం కింద ముగ్గురు అధికారులు మూడు రంగుల్లో గీతలు గీశారు.

ఆ మెమో చేతికిచ్చింది నేనే. ఒప్పుకుంటాను, మనసు చివుక్కుమంది. అక్కయ్య తెల్లవారకముందే లేచి వంట, అత్తగారి మందులు, రెండు బస్సులు అయ్యాక ఆఫీసుకొచ్చి, సాయంత్రం దాకా అందరి పాత కాగితాలూ వెతికి ఇచ్చేవారు. ఎవరూ ఏమీ అడగని సమయం రోజు మొత్తంలో ఆ అరగంటే. అది పోతే ఆవిడకు మరొకటి లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే మళ్ళీ వారం కూడా కొలిచాను, మైనస్ ఇరవై వచ్చింది.

ఇక దిద్దుబాటు చర్య తప్పలేదు. అప్పటికి హాల్లో ఒక మూల కిలోమీటర్ల కొద్దీ పట్టీలు పోగుపడ్డాయి. వాటన్నిటినీ కలిపి ఒక మహా బొంతగా కుట్టి కమిషనరు గారికి చూపించాలని పెద్దసారుకు ఆలోచన వచ్చింది. కుట్టే పని అక్కయ్యకు అప్పగించారు. "మీకిష్టమైన పనే కదమ్మా" అన్నారు పెద్దసారు, ఎంతో దయగా. అక్కయ్య ఆకుపచ్చ ఊలును సొరుగులో పెట్టి, మూడు నెలల పాటు రోజూ ఆ అరగంటా నలభై మంది సంతోషాన్ని ఒకదానికొకటి కుట్టారు. ఆవిడ నవ్వడం మానేశారని తర్వాతి తనిఖీలో రాశారు. పరిస్థితి అదుపులోకి వచ్చిందని కూడా రాశారు.

బొంత పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు తేలింది. ఎత్తడానికి ఆరుగురు కావలసి వచ్చింది. కమిషనరు గారు దాని మీద చెయ్యి వేసి, "ఇందులో ఒక కుటుంబం వెచ్చదనం ఉంది" అన్నారు. మే నెల కావడంతో వెంటనే చెయ్యి తీసేశారు. ఆ సాయంత్రమే అక్కయ్య స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టారు. కారణం అన్న చోట "చేతులు ఖాళీ లేవు" అని రాశారు. వీడ్కోలు సభలో ఏం బహూకరించాలన్న ప్రశ్న వచ్చింది. హాలు సగం బొంతే ఆక్రమించింది, పైగా పురుగు పట్టే సూచనలు కనిపిస్తున్నాయి. అందుచేత ఏకగ్రీవంగా దాన్నే బహూకరించి, చెత్త తోలే బండి ఖాళీగా ఉంటే అందులో ఇంటికి పంపాం.

నెల రోజులకు పెన్షన్ ఫైల్లో ఒక సంతకం తక్కువైందని నేను అక్కయ్య ఇంటికి వెళ్ళాను. చివర గోడతో ఆగిపోయే చిన్న వీధి అది. కుక్క నడిరోడ్డు మీద పడుకుని, నన్ను చూసి కూడా లేవలేదు. అక్కయ్య వరండా మెట్ల మీద కూర్చుని మా బొంతను విప్పుతున్నారు. కొన పట్టుకుని లాగితే వరసకు వరస సర్రున ఊడివస్తోంది. ముఖాన మళ్ళీ ఆ నవ్వు ఉంది.

"వేళకొచ్చావు తమ్ముడూ. చేతులు రెండూ చాపు" అన్నారు.

చాపాను. నా రెండు చేతుల చుట్టూ విప్పిన ఊలు వేసి, కొన పట్టుకుని బంతిలా ఉండ చుట్టసాగారు. దారం వచ్చినప్పుడల్లా నేను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంగాలి. చేయాల్సిందల్లా అంతే.  చేతులు ఖాళీ అయ్యేసరికి అరగంట గడిచింది. నేను అంత హాయిగా ఎప్పుడున్నానో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాలేదు.

వరండాలో మంచం మీద కూర్చున్న అక్కయ్య అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. "మీ ఆఫీసులో ఎవరికీ పనీపాటా ఉండదా నాయనా? రోజుకొకరు తయారవుతున్నారు" అన్నారు.

ఆవిడ మాట ఆఫీసుకు తిరిగొచ్చాక అర్థమైంది. బయటికి వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే కారణం రాయాల్సిన రిజిస్టరు ఒకటి మాకుంది. ఊలు పట్టుకుని కూర్చున్నానని రాస్తే బాగుండదు కాబట్టి "ట్రాఫిక్" అని రాశాను. రాసి పైన చూద్దును కదా, అదే వీధి, అకౌంటెంటు, అరగంట, ట్రాఫిక్. దాని పైన డ్రైవరు, ట్రాఫిక్. టైపిస్టు, ట్రాఫిక్. గురువారం గడిలో పెద్దసారు చేతిరాత, యాభై నిమిషాలు, తీవ్రమైన ట్రాఫిక్.

ఎవరం ఎవరినీ ఏమీ అడగలేదు. పెన్షన్ ఫైల్లో మాత్రం రోజుకొక సంతకం తక్కువవుతూ వచ్చింది. ఒకరోజు పెద్దసారు చొక్కా గుండీకి ఫైలు అట్ట రంగు దారప్పోగు వేలాడుతూ కనిపిస్తే, నేను గోడ గడియారం వైపు చూశాను.

మూడు నెలలు గడిచాక పై ఆఫీసు నుంచి తనిఖీ వాళ్ళు వచ్చి రిజిస్టరు తిరగేశారు. ఒకే వీధిలో మూడు నెలల్లో అరవై ఒక్కసారి ట్రాఫిక్ స్తంభించింది. ఊళ్ళోకెల్లా రద్దీ వీధి ఇదేనని, వీధుల విభాగం కళ్ళెదుటే ఇంత ఘోరం జరుగుతున్నా చర్య తీసుకోకపోవడం శోచనీయమని రాసిపోయారు. వారంలోగా రోడ్డు వెడల్పు చేసే ఫైలు తయారైంది.

మీటింగులో నలభై ఇద్దరం కూర్చున్నాం. పెద్దసారు గొంతు సవరించుకుని, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగారు. అడిగిన తీరు చూస్తే, ఎవరో ఒకరు ఉందనాలని ఆయన ప్రాణం కొట్టుకుంటున్నట్టే అనిపించింది. ఆ వీధిలో సైకిలు కూడా గంటకొకటి పోదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ మాట అంటే, మరి ఆ అరగంటలూ ఎక్కడున్నావన్న ప్రశ్న వస్తుంది. అకౌంటెంటు నోరు తెరిచాడు. అందరం ఆశగా అతని వైపు తిరిగాం. మంచినీళ్ళు కావాలన్నాడు. వరసగా అందరం సంతకాలు పెట్టాం. పెద్దసారు కలం కాసేపు గాల్లో ఆగింది. చివరికి ఆయనా పెట్టి, కింద "అత్యవసరం" అని చేర్చారు.

కొలతకు వెళ్ళాల్సింది నేనే. టేపు రెండో కొన పట్టుకోవడానికి మనిషి కావాలి, ఆ రోజు నాతో ఎవరూ రాలేదు. అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చింది. అక్కయ్య చేతిలో ఊలు పక్కన పెట్టి, మెట్లు దిగి, ఆ కొన పట్టుకున్నారు.

"ఎంత పోతుంది తమ్ముడూ?"

"వరండా అంతా అక్కయ్యా. మెట్లతో సహా."

ఆవిడ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూశారు. "అంత ట్రాఫిక్ ఎక్కడుంది?"

"రిజిస్టర్లో ఉంది" అన్నాను.

 నేను గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టేదాకా అక్కయ్య టేపు కదలకుండా పట్టుకునే ఉన్నారు. నలభై ఇద్దరిలో ఒక్కడైనా, అవునండీ, నేనక్కడ ఊరికే కూర్చున్నాను, నాకు బాగుంది, అని ఉంటే ఆ వరండా నిలబడేదని మీరంటారు. నిజమే. మీరైతే తప్పకుండా అనేవారు. అన్నట్టు, మొన్న మీరు కూడా ఇంటికి అరగంట ఆలస్యంగా చేరారట. అడిగితే ఏం చెప్పారు?