వెర్నన్ వీధి తలుపు

ఆ శుక్రవారం ఉదయానికి లోర్నా లిండ్‌క్విస్ట్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తొమ్మిదికల్లా స్థలమంతా ఊడ్చి శుభ్రం చేయడం, పదింటికి కౌంటీ ఇన్‌స్పెక్టర్ వస్తే ఇల్లు చూపించి ఆఖరి సంతకం పెట్టించుకోవడం, సాయంత్రానికి ట్రైలర్‌లో ఉన్న పరుపు మోసుకెళ్లి సొంత ఇంట్లో వేసుకోవడం. అంతే. ఇంత చిన్న పథకం కోసం ఆవిడ ఎనిమిదేళ్లు ఆగింది.

ఎనిమిదేళ్లెందుకంటే, ఆవిడ మొగుడు వెర్నన్ కడుతున్నది మామూలు ఇల్లు కాదు, క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు. మా ఆల్డర్ బెండ్‌లో తాతల నాటి ఇళ్లన్నీ ఆ పద్ధతివే. వాలు తక్కువ కప్పు, వెడల్పాటి చూరు, అడుగున లావుగా మొదలై పైకి సన్నబడే వరండా స్తంభాలు, ప్రతి చెక్కా చేత్తో చిత్రిక పట్టినట్టు కనపడాలి. కనపడితే చాలదు, పట్టాలి అంటాడు వెర్నన్. మెట్ల పక్క కటకటాలకు ఒక వేసవి పట్టింది. పుస్తకాల అరలకు రెండు చలికాలాలు. కిటికీ దగ్గర కూర్చునే బల్లను మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. ఎందుకయ్యా అంటే, చెక్క గీతలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడం లేదన్నాడు. ఈలోగా లోర్నా అతనితో మాట్లాడటం రెండుసార్లు మానేసింది. అది మాత్రం ఆయనగారు గమనించలేదు.

ఆఖరి సంతకం లేకుండా కొత్త ఇంట్లో పడుకోవడం నేరం. అందుకని ఎనిమిదేళ్లూ కాపురం స్థలంలోనే ఓ మూల పాత ట్రైలర్‌లో, అంటే చక్రాల మీది రేకు డబ్బాలో. ఆరెగన్ వానలకు అందులో బూజు పట్టని దుప్పటి లేదు. ఇల్లు కట్టే పర్మిట్ గడువు రెండుసార్లు పొడిగించిన కౌంటీవాళ్లు మూడోసారి కుదరదని రాశారు. ఆ గడువు ఈ శుక్రవారంతో సరి. దాటితే కొత్త పర్మిట్టు, కొత్త నిబంధనలు, ఉన్న మెట్లు పీకి మళ్లీ కట్టడం. మెట్లు మళ్లీ కట్టడమంటే వెర్నన్ చేతిలో మూడేళ్ల మాట.

"ఇవాళ సంతకం పడకపోతే రేపు నేను అరిజోనాలో మా అక్క దగ్గరికి పోతున్నా. నువ్వు నీ చెక్కలతో కబుర్లు చెప్పుకో," అని లోర్నా పొద్దున్నే చెప్పేసింది. ఊరికే అనే మనిషి కాదు. సూట్‌కేసు ట్రైలర్ మెట్టు మీద సర్ది ఉంది.

తొమ్మిది కాకముందే ఆవిడ, ట్రైలర్ వెనక పడి ఉన్న పాత కమోడ్‌ను రోడ్డు వారకు ఈడ్చి, దాని పక్కన "ఉచితం" అని రాసిన అట్టను పుల్లకు తగిలించి పాతింది. మా ఊళ్లో ఇదొక మర్యాద. ఆ అట్ట పక్కన ఉన్నది ఎవరైనా అడక్కుండా పట్టుకుపోవచ్చు. పట్టుకుపోయాక తిరిగి ఇమ్మనడం మాత్రం మహా అమర్యాద. ఈ మర్యాదను వెర్నన్ కంటే గట్టిగా పాటించిన వాడు లేడు. ఆరేళ్ల కిందట వెనక వీధి ఓపల్ అనే పెద్దావిడ, వాళ్ల నాన్న నాటి కిటికీ రెక్కను పొరపాటున చెత్త సామానుతో బాటు అట్ట పక్కన పెట్టింది. వెర్నన్ పట్టుకొచ్చాడు. ఆవిడ పరుగెత్తుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుని అడిగినా, "అట్ట అంటే అట్టే, ఓపల్ గారూ," అన్నాడు. ఆ కిటికీ అద్దాలనే కోయించి తన వీధి తలుపుకి బిగించుకున్నాడు. ఏమి మనిషో!

ఇక ఆ వీధి తలుపు సంగతి. ఓక్ చెక్క, రెండు చలికాలాల పని, ఒక్క మేకు లేదు. కమోడ్‌ను లోర్నా ఈడుస్తున్న సమయానికి వెర్నన్ ఇంటి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ తలుపు బందులు ఊడదీస్తున్నాడు. దాని అడుగు అంచుకు నూనె చాల్లేదని ఆయనకు తెల్లవారుజామున తట్టింది. నూనె ఇంకాలంటే ఎండ తగలాలి, స్థలమంతా చూస్తే ఫర్ చెట్ల నీడ. ఆ వేళకు ఎండ పడేది రోడ్డు వార ఒక్క చోటే. ఇద్దరు మోయాల్సిన తలుపును ఒక్కడే మోసుకెళ్లి అక్కడి చెట్టుకు ఆనించాడు. అట్ట కనపడింది. కానీ అట్ట పక్కన కమోడ్ ఉంది గదా, కళ్లున్న వాడెవడూ పొరబడడు అనుకుని నూనె డబ్బా వెతకడానికి వెళ్లాడు.

వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఎవరో పుణ్యాత్ములు ముందు కమోడ్‌ను ఎత్తుకుపోయారు. ఓక్ తలుపు ఉండగా కమోడ్ ముందు పోయిందంటే మా ఊరి అభిరుచి గురించి నేను చెప్పవలసింది లేదు. మిగిలింది అట్టా, తలుపూ. వెర్నన్ తిరిగొచ్చేసరికి అట్ట ఒక్కటే ఉంది.

"లోర్నా! నా తలుపేదీ?"

"గుమ్మానికి."

"గుమ్మానికి లేదు!"

"ఎందుకు లేదు?"

చెప్పాడు. లోర్నా చీపురు కింద పెట్టింది.

"ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున తలుపు ఊడదీశావా?"

"అడుగున నూనె చాల్లేదు."

"అడుగు ఎవడు చూస్తాడు? ఆయన బోర్లా పడుకుని చూస్తాడా?"

"చాల్లేదని నాకు తెలుసు గదా!" అన్నాడు వెర్నన్, తప్పంతా ఆవిడదే అయినట్టు. "అయినా ఆ అట్ట అక్కడ పాతిందెవరు?"

"కమోడ్‌కి పాతాను! నీ తలుపు దాని పక్కకి నడిచొస్తుందని నాకేం తెలుసు?"

మర్యాదస్థుడైతే అక్కడితో నోరు మూసుకోవాలి. వెర్నన్ ఫోన్ తీసి, ఊరివాళ్లంతా చూసే గ్రూపులో తలుపు ఫొటో పెట్టి, "పట్టపగలు దొంగతనం! ట్రక్కు లేకుండా ఇంత బరువు కదలదు. ట్రక్కుల మీద కన్నేసి ఉంచండి," అని రాశాడు. అట్ట ప్రస్తావన ఒక్క ముక్క లేదు.

ఆ కబురు ఎదురింటి హార్లన్ చూశాడు. నౌకాదళంలో పనిచేసి పద్నాలుగేళ్ల కిందట దిగిపోయిన మనిషి. అప్పటినుంచీ ఏదో ఒక ఉపద్రవం రాకపోతుందా అని ఎదురు చూస్తున్నాడు. అయిదు నిమిషాల్లో నారింజ రంగు కోటు తొడుక్కుని రోడ్డు మధ్యకొచ్చి, వచ్చిన ట్రక్కునల్లా ఆపి వెనక భాగం తెరిపించడం మొదలుపెట్టాడు. గడ్డి కోసేవాడిని ఆపాడు. కొళాయిలు బాగుచేసేవాడిని ఆపాడు. ట్రక్కులో గుర్రాన్ని తీసుకెళుతున్న ఒకామెను ఆపి, గుర్రాన్ని కిందికి దింపమన్నాడు.

సరిగ్గా పదింటికి పైన నిచ్చెన కట్టిన ట్రక్కులో ఒకాయన పక్క సందులోంచి వచ్చి, ఎవరినీ పిలవకుండా ఇంటి చుట్టూ తిరిగి పునాదికి ఫొటోలు తీసుకుంటున్నాడు. హార్లన్ వెనకనుంచి వెళ్లి పట్టుకున్నాడు.

"తలుపేదీ?"

"నేనూ అదే అడుగుతున్నా," అన్నాడు ఆయన, ఖాళీ గుమ్మం వంక చూస్తూ. "తలుపేదీ?"

"ఓహో, నన్నే ఎదురడుగుతున్నావా? ఏదీ, నీ ట్రక్కు తెరువు!"

అలికిడి విని నూనె డబ్బాతో పరుగెత్తుకొచ్చిన వెర్నన్‌కి కొత్త మొహమూ, ట్రక్కూ, నిచ్చెనా కనపడ్డాయి. "వీడే! ఆ నిచ్చెనకేసి కట్టుకుపోయాడు!" అని అరిచాడు. ఆయన చొక్కా మీది కౌంటీ గుర్తు ముందుగా చూసింది లోర్నాయే. చూసి వరండా స్తంభం పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ బోలిన్ ఆ ఉద్యోగంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. కుక్కలు కరిచాయి, ఒకసారి సిమెంటు మీద పడింది. తలుపుల దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు. మొహం కందగడ్డ చేసుకుని, "పన్నెండింటికి ఇటే తిరిగొస్తాను," అన్నాడు లోర్నాతో. "గుమ్మానికి తలుపుంటే మిగతాది చూస్తాను. లేకపోతే మీ ఫైలు మూసేస్తాను. ఈ నారింజ కోటాయన్ని నా ట్రక్కు ముందునుంచి తప్పుకోమనండి."

లోర్నా ఆయన వెనకే తమ పికప్ ట్రక్కు వేసుకుని వెళ్లి, నలభై నిమిషాల్లో దుకాణం నుంచి తెల్లరంగు రేకు తలుపు తెచ్చింది. దాన్ని చూసి వెర్నన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"రేకు! నా ఇంటికి! యంత్రంలో చేసిన రేకు! గుమ్మం ఖాళీగా ఉన్నా పరువుగా ఉంటుంది. దాన్ని నేను ముట్టుకోను."

"ముట్టుకోకు," అంది లోర్నా. గొంతు పెంచలేదు. "ఎనిమిది చలికాలాలు కారే డబ్బాలో పడుకున్నాను. నీ స్తంభాలు బాగున్నాయన్నాను, నీ బల్ల బాగుందన్నాను. నిజంగానే బాగున్నాయి. కానీ నాకిప్పుడు అందం వద్దు, వెర్నన్. లోపల నేనుండి వేసుకునే తలుపు కావాలి. ఒక్కటంటే ఒక్క తలుపు."

ఆవిడ ఇంత మెల్లగా మాట్లాడటం వెర్నన్ ఎప్పుడూ వినలేదు. మరలు తీసుకున్నాడు. ఒక్కో మర బిగిస్తూ ఆ తలుపు చేసిన కంపెనీని ఒక్కో మాట అన్నాడు. పక్కన మిగిలిన సందుకి ఓక్ చెక్క కొట్టి, దాన్ని చిత్రిక పడతానని బయల్దేరితే లోర్నా చిత్రిక లాక్కుంది.

పన్నెండింటికి బోలిన్ వచ్చాడు. మెట్లు కొలిచాడు, దీపాలు వేసి చూశాడు, కొళాయిలు తిప్పాడు. ఆఖరికి రేకు తలుపును రెండుసార్లు తీసి వేసి, మొదటిసారిగా నవ్వాడు.

"బుద్ధిమంతుల పని. ఇలాంటి ఇల్లు కట్టే ప్రతివాడూ చేత్తో తలుపు చేసి దానికి పాత కిటికీల అద్దం బిగిస్తాడండీ. పగిలితే మెడ తెగే రకం అద్దం. అది నిబంధనలకు విరుద్ధం. ఈ నెలలో ముగ్గురికి సంతకం పెట్టలేదు. మీకు అలాంటి పిచ్చి లేనందుకు సంతోషం."

వెర్నన్ మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. లోర్నా ఆయన కాలు తొక్కింది. బోలిన్ కలం తీశాడు.

అప్పుడు రోడ్డు మీద కేకలు వినపడ్డాయి. హార్లన్, ఇంకో ఇద్దరూ కలిసి ఓక్ తలుపును నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వస్తున్నారు. వాళ్ల వెనక ఎనభయ్యేళ్ల ఓపల్, చంకలో కోడితో.

"దొరికింది వెర్నన్!" అని అరిచాడు హార్లన్. "ఓపల్ తన కోళ్ల గూటికి బిగించేసింది! పీక్కొచ్చాం!"

"ఏమయ్యా, నన్ను దొంగంటావా?" ఓపల్ నిలదీసింది. "పట్టపగలు అట్ట పక్కనుంచి, మా మేనల్లుడి చేత మోయించుకుపోయాను. అట్ట అంటే అట్టే అన్నావు గదా ఆనాడు! అందులో ఉన్నవి మా నాన్న అద్దాలు. రోజూ ఈ దారిన పోతూ వాటిని నీ గుమ్మానికి చూసి ఊరుకున్నాను. నోరెత్తానా ఎప్పుడైనా?"

బోలిన్ కలం మూత పెట్టాడు. వాళ్లు దించి నిలబెట్టి పట్టుకున్న తలుపు దగ్గరికి వెళ్లి అద్దం మీద గోటితో కొట్టి చూశాడు.

"ఇది ఈ ఇంటి తలుపా? నేనటు వెళ్లగానే దీన్ని బిగిస్తారా? అలాగైతే సంతకం కుదరదు. ఎవరిదో చెప్పండి."

అందరూ వెర్నన్ వంక చూశారు. వెర్నన్ తలుపు వంక చూశాడు. రెండు చలికాలాలు. తర్వాత లోర్నా వంక చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. ట్రైలర్ మెట్టు మీది సూట్‌కేసును చూస్తోంది.

"నాది కాదు," అన్నాడు వెర్నన్. "ఈ తలుపు నేనెన్నడూ చూళ్లేదు."

"ఫొటో పెట్టింది నువ్వు కాదూ!" హార్లన్ తలుపు వదిలేసినంత పని చేశాడు. "పదకొండు ట్రక్కులు ఆపాను! ఒక గుర్రాన్ని దింపించాను! కౌంటీ ఆఫీసర్ని దొంగన్నాను, నీ మూలంగా!"

"ఫొటోలోది వేరు. దీని అడుగు చూడు, నూనె చాల్లేదు. నేనైతే ఇలా వదిలేస్తానా?"

హార్లన్ ఆ నారింజ కోటు అక్కడే విప్పి నేలకేసి కొట్టాడు. మళ్లీ జన్మలో ఎవరికీ సాయం చేయనన్నాడు. ఓపల్ మాత్రం వెర్నన్‌ని కాసేపు తేరిపార చూసి, "విన్నారుగా, పదండి," అని మోసేవాళ్లను వెనక్కి మళ్లించింది. బోలిన్ సంతకం పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి పరుపు ఇంట్లోకి చేరింది. లోర్నా రేకు తలుపు లోపలినుంచి వేసుకుని, దానికి వీపు ఆనించి నిలబడి, కాసేపు ఏడ్చి, కాఫీ పెట్టింది. ఆ వేళ వెర్నన్‌కి ఏ పనీ చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం వెర్నన్ నూనె డబ్బా పట్టుకుని వెనక వీధికి వెళుతున్నాడు. ఓపల్ రానిస్తుంది గానీ, కోళ్లు గుడ్లు పెట్టే వేళ తలుపు తట్టవద్దని గట్టిగా చెప్పింది.