ఏడో సీసా

ముందే చెబుతున్నాను, మధ్యలో నవ్వితే కథ ఆపేస్తాను. మావాళ్ళలో ఇప్పటికే ఇద్దరు నవ్వుతున్నారు. మీరు కూడా తోడైతే నేను తట్టుకోలేను.

సంగతేమిటంటే, మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, ముప్పై ఏళ్ళు ఒక టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వరసగా కప్పులు పెడితే ఒక్కొక్కటీ చెంచాతో సర్రుమని పీల్చి, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పడమే పని. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. ముందే తెలిస్తే కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తూ ఎందుకు కూర్చుంటాను?

తీర్పు చెప్పమంటే ఆయన నోటివెంట రెండే మాటలొస్తాయి. నచ్చితే "బాగుంది". నచ్చకపోతే "ఊహూఁ". మా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. మా ఆవిడ టీ ఇస్తే "బాగుంది". నేనేం చేసినా "ఊహూఁ". ఇల్లు మారాను, "ఊహూఁ". మీసం పెంచాను, "ఊహూఁ". తీసేశాను, అప్పుడూ "ఊహూఁ".

మొన్నటికి మొన్న ఆయనకి కొత్త కళ్ళజోడు నా చేతులతో చేసి పెట్టాను. చీమ కాళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా కుదిరింది. ఆయన దాంతో మందుసీసా మీది చిన్న అక్షరాలు గడగడా చదివేసి, తీసి జేబులో పెట్టుకుని ఏమన్నారో మీరే ఊహించుకోండి.

ఆ ఉడుకు మీద ఉండగా షాపుకొచ్చిన ఒకావిడ చెప్పింది. ఎండబెట్టిన నారింజ తొక్కలైనా, దాల్చినచెక్కైనా టీ ఆకులో కలిపి గాలి చొరని సీసాలో పెడితే, వారం తిరిగేసరికి ఆకు ఆ వాసనంతా పీల్చేసుకుంటుందట. ఇంట్లోనే ఎన్ని రకాలైనా చేసుకోవచ్చట. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆవిడ కళ్ళకి దగ్గరచూపు అద్దాలు కావాలంటే దూరంచూపువి బిగించేసి, సాయంత్రం ఇంటికి పరిగెత్తాను.

"ఏమోయ్! రేపట్నుంచి మనింట్లో ఆరు రకాల టీ!"

"ఉన్న ఒక్క రకానికి ఏమొచ్చింది?"

"అది అందరిళ్ళలోనూ ఉండేదే. ఇది నా సొంత సృష్టి. వచ్చేనెల మొదటి ఆదివారం మీ అన్నయ్య వస్తున్నారుగా, ఆయన చేత 'బాగుంది' అనిపించకపోతే నా పేరు మార్చుకుంటాను."

"కొత్త పేరేదో ముందే చెప్పండి. కరెంటు బిల్లులో మార్పించాలి."

"వెటకారం వద్దు. పందెం! నేను గెలిస్తే వంటింట్లో పై అర మొత్తం నాకు వదిలెయ్యాలి. ఓడితే ఏడాదిపాటు పొద్దున్న టీ నేనే పెడతాను."

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకి రెండు వందల సీసాలకి చీటీలు అంటిస్తుంది, ఒక్కటి తారుమారు కాదు. పందెం కూడా అలాగే అంటించింది.

"సరే. అన్నయ్య ఏ సీసాని బాగుంది అంటే, ఆ సీసా నింపినవాళ్ళు గెలిచినట్టు. మళ్ళీ మాట మార్చకూడదు."

"నింపేది నేనొక్కణ్ణే కదే పిచ్చి మొహమా!" అని పడీపడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక చూడండి నా హడావిడి! నారింజ తొక్కలు ఇస్త్రీ బల్ల మీద ఆరబెట్టాను. పుదీనా మంచం మీద పరిచాను. గులాబీరేకులు ఎక్కడా చోటు చాలక సోఫా నిండా చల్లాను. ఆ వారం రోజులూ ఇద్దరం నిలబడే టీవీ చూశాం.

"ఏమండీ, కూర్చునే యోగం ఎప్పుడు?"

"రేకులు గలగలమనాలి. అప్పటిదాకా ఓర్చుకో."

"నా మోకాళ్ళు ఇప్పటికే గలగలమంటున్నాయి."

మర్నాడు పుదీనా త్వరగా ఎండాలని ఫ్యాను ఐదులో పెట్టాను. ఎండింది. ఎండి లేచి, గది మొత్తం ఒక ప్రదక్షిణ చేసి, ఉతికి మడతపెట్టిన బట్టల మీద దిగింది. లవంగాలు దంచినరోజు మా ఆవిడ చీరలన్నిటికీ ఆ వాసన పట్టేసింది. ల్యాబులో ఒక పెద్దాయన రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపమంటే నోరు తెరిచాడట. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చాననుకున్నాడు పాపం.

మిరియాలు మిక్సీలో వేసి మూత పెట్టడం మరిచిపోయిన రోజు గురించి చెప్పను. ఎదురింటివాళ్ళు కూడా తుమ్మారు.

కలపడం మాత్రం శాస్త్రోక్తంగా కలిపాను. భోజనాల బల్ల మీద ఆరు సీసాలు పెట్టుకుని, షాపులో మరలు బిగించే సన్నటి పటకారుతో ఒక్కొక్క యాలక్కాయ గింజా పట్టి వేస్తూ, మధ్యమధ్యలో వాసన చూసి ఆనందంతో చేతులు ఊపుతూ ఉంటే, ఆకుతో సహా సగం సీసాలో పడేది, సగం బయట పడేది. మా ఆవిడ విసుక్కోకుండా ఒక పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి కింద పెట్టింది.

"బల్ల పాడవుతుంది. ఇందులో చేసుకోండి."

"చూశావా, నీక్కూడా ఉత్సాహం వచ్చేసింది!"

"వచ్చింది, వచ్చింది," అంది. ఎంత అమాయకంగా అందో!

ఆరింటికీ పేర్లు పెట్టాను. నారింజది ఉదయభానుడు, అల్లానిది అగ్గిబరాటా, గులాబీది రాణీవాసం, పుదీనాది చలిగాలి, లవంగాలది కోటగుమ్మం, దాల్చినచెక్కది చక్రవర్తి. రాత్రీ పగలూ వాటి చుట్టూ తిరిగి, మూతలు తీయకుండానే వాసన చూసి మురిసిపోయాను.

ఆదివారం నాలుగింటికి బావగారు వచ్చేశారు. సోఫా దులుపుకుని కూర్చున్నారు. నేను ట్రే పట్టుకుని వెళుతుంటే కప్పులు టకటకా కొట్టుకుంటున్నాయి. పద్దెనిమిదేళ్ళ ఆశ కదండీ!

ఉదయభానుడు. సర్రుమని పీల్చారు. "ఊహూఁ. ఇది నారింజ రసం. ఇందులో టీ ఎక్కడుంది?"

అగ్గిబరాటా. దగ్గు. మంచినీళ్ళు. "ఊహూఁ."

రాణీవాసం. "ఊహూఁ. సబ్బు నీళ్ళు."

చలిగాలి. "ఊహూఁ. పళ్ళు తోముకున్నట్టుంది."

కోటగుమ్మం పీల్చి దవడ పట్టుకున్నారు. చక్రవర్తి దగ్గరికి చెంచా వెళ్ళనేలేదు, వాసనకే పక్కకి జరిపేశారు. ట్రే తీసుకుని వెనక్కి తిరిగాను.

"ఇంకో సీసా ఉందిగా," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

చూద్దును కదా, అరమీద నిజంగానే ఏడో సీసా ఉంది! ఎప్పుడు కలిపానో గుర్తురాలేదు. పనిలో పడితే నాకు ఒళ్ళు తెలియదు కదా, ఆ మైకంలో కలిపేసి ఉంటాను అనుకున్నాను. గబగబా నీళ్ళు మరిగించి పోశాను.

బావగారు పీల్చారు. ఆగారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పీల్చారు. చెంచా పక్కన పెట్టేసి, కప్పే ఎత్తి అడుగంటా తాగేశారు. తాగి, మూతి తుడుచుకుని,

"బాగుంది!" అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, కింది వాటావాళ్ళు తలుపు కొట్టారు. "విన్నావా? విన్నావా? బాగుంది అన్నారు!" అని మా ఆవిడ చుట్టూ రెండుసార్లు తిరిగాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

"ముప్పై ఏళ్ళలో ఇలాంటి కలగలుపు చూడలేదు బావా. ఏవేం వేశావు? ఏ పాళ్ళలో?"

ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. "అదా బావగారూ! ఇరవై రెండు రోజుల శ్రమ. నారింజ మూడు పాళ్ళు, లవంగాలు సరిగ్గా తొమ్మిది, యాలకులు కొలిచి కొలిచి..."

"కొలిచే వేశారా?" అంది మా ఆవిడ.

"ఒక్క గింజ అటూ ఇటూ కాలేదు!"

"ఓహో," అని ఊరుకుంది.

బావగారు సీసాని అటూ ఇటూ తిప్పి, ఎత్తి అడుగు చూశారు. "ఇక్కడేదో చీటీ ఉంది. బొత్తిగా చిన్న అక్షరాలు."

నా పేరే అనుకున్నాను! మా ఆవిడ ముచ్చటపడి రాసి ఉంటుందని పొంగిపోయి, బావగారి జేబులోంచి కళ్ళజోడు నేనే తీసి, నా జేబురుమాలుతో నిగనిగలాడేలా తుడిచి, ఆయన ముక్కు మీద పెట్టాను. "గట్టిగా చదవండి బావగారూ!"

చదివారు. నా పనితనం కదా, ఒక్క అక్షరం తడబడలేదు.

"'ఏడో సీసా. ఆయన బయట ఒలకబోసినవి. పళ్ళెంలోంచి ఎత్తి నింపింది నేను.'"

కింది వాటావాళ్ళు ఇంకా తలుపు కొడుతూనే ఉన్నారు.

"పారబోయడానికి మనసొప్పలేదండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా. "రోజూ ఇంతింత ఎత్తి సీసాలో వేశాను. నింపినవాళ్ళు గెలిచినట్టు, అంతేగా మాట?"

బావగారి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. పద్దెనిమిదేళ్ళలో ఆయన నవ్వగా నేను చూడలేదు. కళ్ళజోడు జారేదాకా నవ్వారు. అన్నా చెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

"గెలుపు చెల్లాయిదే," అన్నారు చివరికి కళ్ళు ఒత్తుకుంటూ. "కానీ ఒకటి ఒప్పుకోవాలి బావా. కలపడంలో ఊహూఁ గానీ, ఒలకబోయడంలో నీ చెయ్యి బాగుంది!"

నాకు 'బాగుంది' ఎలా వచ్చిందన్నది తర్వాత సంగతి. వచ్చింది! మళ్ళీ గంతేద్దామనుకున్నాను గానీ తలుపు దగ్గర జనం ఉన్నారు.

ఆయన వెళుతూ వెళుతూ అర కిలో కావాలన్నారు. మర్నాడే కూర్చున్నాను. ఈసారి పటకారూ సీసాలూ పక్కన పెట్టేసి, అన్నీ తిన్నగా పళ్ళెంలోకే గుమ్మరించి కలిపి పంపాను. నాలుగో రోజు ఫోనొచ్చింది. ఎత్తగానే ఒకే ఒక్క మాట: "ఊహూఁ."

ఇప్పుడు పొద్దున్నే లేచి ఇద్దరికీ మామూలు టీ నేనే పెడుతున్నాను. పై అరలో మా ఆవిడ ఏడో సీసా ఒక్కటే దర్జాగా కూర్చుంది. సాయంత్రం షాపునుంచి రాగానే ఆరు సీసాలు ముందు పెట్టుకుంటాను, ఆవిడ పళ్ళెం తెచ్చి కింద పెడుతుంది.

నిన్న కాస్త తొందరపడి ఒక గుప్పెడు ఆకు పళ్ళెంలోకి జార్చబోయాను. ఠక్కున చెయ్యి పట్టుకుంది.

"కావాలని ఒలకబోస్తే అన్నయ్యకి తెలిసిపోతుందండీ. మీ ధ్యాసలో మీరు శ్రద్ధగా కలుపుకోండి. మిగతాది నేను చూసుకుంటాను."