ఇస్త్రీ చేసిన పేదరికం

కాలేజీల్లో ఆర్థిక సహాయ కమిటీలను ఎవరైనా తిడితే నేను ఊరుకోను. కన్నవాళ్లకు ఇంతకు మించి మేలు చేసేవాళ్లు ఎవరున్నారు? పిల్లలు పుట్టింది మొదలు ఇంట్లో కష్టం వాళ్ల కంట పడకుండా దాచుకొస్తాం కదా! అదంతా ఒక్క వారంలో బయటికి లాగించి, అప్‌లోడ్ చేయించి, పైగా ఫోటో మసగ్గా ఉంది మళ్లీ పంపమంటారు. మన కష్టాలు అంత స్పష్టంగా చూడాలన్న కోరిక సొంత చుట్టాలకైనా ఉంటుందా?

మా వీధి చివర ఇస్త్రీ షాపు ఆయన సంగతే తీసుకోండి. ఆయన కూతురికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. సాయం దొరికితే చేరుతుంది, లేకపోతే తండ్రి పక్కన ఇంకో ఇస్త్రీ పెట్టె పట్టుకుంటుంది. కమిటీ ఇంటర్వ్యూకి రమ్మంది. ఆయన కూతురికి ఉన్నవాటిలో మంచి చొక్కా తీసి, కాలర్ నిలబెట్టి, చేతుల మీద మడత గీత గీసినట్టు పడేదాకా ఇస్త్రీ చేసిచ్చాడు. అక్కడే కొంప మునిగింది.

కమిటీ పెద్దావిడ అమ్మాయిని ఎగాదిగా చూసి, "నిన్ను చూస్తే కష్టాల్లో ఉన్నట్టు లేదే" అంది. ఆధారాలన్నీ బల్ల మీదే ఉన్నాయి. అయినా కాగితాలు అబద్ధం చెప్పొచ్చు గానీ కాలర్ చెప్పదు కదా! అసలు పరిస్థితి తెలిసేలా సోమవారం మళ్లీ రమ్మని దయతలిచింది.

అదే రోజు ఇంకో అబ్బాయి మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్‌తో వెళ్లాడు. ఆ చిరుగులు షోరూమ్‌లో కొన్నవి. కోచింగ్ సెంటర్‌కి ఫీజు కట్టి, ఏ వాక్యం దగ్గర గొంతు పూడుకుపోవాలో కూడా నేర్చుకున్నాడు. కమిటీ కళ్లు తుడుచుకుని అక్కడికక్కడే సంతకాలు పెట్టింది. డబ్బు లేనిదే పేదగా కనిపించడం ఎవరి తరం చెప్పండి?

సోమవారం పొద్దున ఇస్త్రీ షాపు ఆయన షట్టర్ సగం దించి, ఆ చొక్కాని ఉండచుట్టి పిసికాడు. ముడత పడ్డ బట్టని గడప దాటనివ్వని మనిషి! చేతులు మాట వినలేదు. ఒకపక్క నలుపుతూ ఇంకోపక్క సర్దుతూనే ఉన్నాడు. ఏడుపొచ్చేసింది పాపం ఆయనకి.

కూతురు చూసింది. చొక్కా లాక్కుని, పెట్టె వేడిచేసి తనే ఇస్త్రీ చేసుకుంది.

"సీటు పోతుందే తల్లీ" అన్నాడాయన.

"పోతే పోనీ నాన్నా. నన్నెప్పుడూ నువ్వు ఇలాగే పంపించావు. ఇప్పుడు నలిపేసుకుని వెళ్తే, మా నాన్న నన్ను సరిగ్గా చూసుకోలేదని నేనే చెప్పినట్టవుతుంది."

ఎంత పొగరో చూడండి! ఇలాంటివాళ్లకి సాయం ఎందుకివ్వాలి? ఆ ఇస్త్రీ చొక్కాతోనే వచ్చిన పిల్లని చూసి కమిటీకీ అదే తోచింది. నిజంగా అవసరంలో ఉన్నవాళ్లకే ఇస్తామని మర్యాదగా జవాబు పంపింది.

వచ్చే వారం సాయం అందజేసే సభ ఉందట. ఫోటోలు తీస్తారు కాబట్టి పెద్దావిడ తన కోటు మా వీధి చివరి షాపుకే పంపింది, ఒక్క ముడత కూడా కనపడకూడదని చెప్పి మరీ. అమ్మాయే చేసింది. కమిటీ ఆ పిల్లకి ఏమీ ఇవ్వలేదనేవాళ్లకి అసలు నోరెలా వస్తుందో!