పద్నాలుగు రోజుల పుట్టిల్లు

రాయచూరు జిల్లా సిరవార పక్కన, వలసొచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న మా క్యాంపులో గృహహింస బొత్తిగా లేదని లాక్‌డౌన్ రెండో వారంలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. సంతకాలు చేసిన ఏడుగురూ మగవాళ్ళే. ఆడవాళ్ళు గడప దాటితే నిబంధనల ఉల్లంఘన అవుతుంది గనక వాళ్ళ అభిప్రాయాన్ని భర్తల ద్వారా సేకరించారు. తీర్మానం చేసేస్తే ఇక తీరు మారనక్కర్లేదు కదా.

లేని హింసను అరికట్టడానికి ఒక కమిటీ కూడా వేశారు. పేరు కుటుంబ శాంతి కమిటీ. అందులో కనీసం శాంతి అనే పేరుగల సభ్యురాలైనా లేదు. అధ్యక్షులు రైసుమిల్లు శ్రీరాములుగారు. బియ్యానికీ మాటకీ ఒకేలా పాలిష్ పట్టగలరు. కార్యదర్శి బాబ్జీ. ఇతను భార్య దేవికను కొడతాడని క్యాంపులో అందరికీ తెలుసు. అనుభవజ్ఞుడని ఎన్నుకున్నారు.

కమిటీ మొదటి ఘనకార్యం రహస్య సంకేతం. సరుకుల బండి ఇంటింటికీ వస్తోంది. కష్టంలో ఉన్న ఇల్లాలు చీటీలో జాజికాయ అని రాస్తే చాలు, కమిటీ వాలిపోతుంది. ఈ రహస్యం మగవాళ్ళ చెవిన పడకూడదని ఆటోకి మైకు కట్టి తెలుగు, కన్నడ, ఉర్దూల్లో మూడు రోజులు చాటించారు. నాలుగో రోజు నుంచి చీటీలన్నీ మగవాళ్ళే రాశారు. ఇంటిపనిలో పురుషుల భాగస్వామ్యం పెరిగిందని కమిటీ హర్షం వెలిబుచ్చింది.

అయినా ఒక చీటీ వచ్చింది. పెసరపప్పు, సబ్బులు బాబ్జీ దస్తూరీలో ఉన్నాయి. అడుగున పెన్సిలుతో జాజికాయ అని ఉంది.

కమిటీ టేపుతో కొలుచుకుని మరీ దేవిక వాకిట్లో ఎడం ఎడంగా నిలబడింది. కార్యదర్శి తన ఇంట్లోంచే వచ్చి ఆ వరసలో చేరాడు. ఆరడుగుల దూరం లోకమంతా పాటిస్తుంటే, పాటించనిది అతని చెయ్యి ఒక్కటే.

"చెప్పమ్మా, భయపడకు. మీ ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు," అన్నారు అధ్యక్షులు.

మాస్కు పైన ఆమె కన్ను వాచి ఉంది. ఆమె నోరు తెరిచేలోగా కార్యదర్శి నివేదిక సమర్పించాడు.

"బాత్రూములో జారిపడిందండి."

"ఎన్నిసార్లు?"

"లాక్‌డౌన్ మొదలయ్యాక నాలుగుసార్లండి."

కమిటీ నిర్ఘాంతపోయింది. బాత్రూము మీద తక్షణం చర్య తీసుకోవాలని అక్కడికక్కడే నిర్ణయించి, నేరస్థులైన నాపరాళ్ళకు గరుకు పెట్టించింది. జాజికాయ కూడా పంపింది, పాపం అడిగిందని.

ఆ వారంలోనే ఆశా కార్యకర్త జయాబాయి దగ్గూ జ్వరమూ వాకబు చేస్తూ వచ్చింది. రాయచూరు మనిషి. చేతిలో పుస్తకం పట్టుకుని దేవిక కన్ను కేసి కాసేపు చూసింది. లోపల బాబ్జీ టీవీ చూస్తున్నాడు.

"దగ్గు గిట్ల ఉన్నదా అమ్మా?" అని గట్టిగానే అడిగి, తర్వాత గొంతు తగ్గించింది. "దగ్గు ఉన్నోళ్ళను ఇంట్ల ఉంచరు తల్లీ. రాయచూరుల హాస్టల్‌ల పద్నాలుగు దినాలు పెడతరు. మొగుడొచ్చినా లోపలికి రానియ్యరు."

దేవిక దగ్గింది.

ఇరవై నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. దెబ్బలకు కదలని లోకం దగ్గుకు కదిలింది. బాబ్జీ తనంతట తానుగా భార్యకు పన్నెండడుగుల దూరం జరగడం పెళ్ళయ్యాక అదే ప్రథమం.

హాస్టల్లో తక్కినవాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని ఎప్పుడు వదులుతారని ఏడుస్తూ వీడియోలు తీసుకున్నారు. దేవిక మాత్రం నిద్రపోయింది. మెలకువ వస్తే ఎవరో వండిన ఉప్మా తిని, మళ్ళీ నిద్రపోయింది. పద్నాలుగో రోజున డాక్టరు ఆమెకు ఏ జబ్బూ లేదని శుభవార్త చెప్పాడు.

"ఇంకోసారి చూడండి సార్," అంది దేవిక. "సరిగ్గా చూసుండరు."

ఆమె ఏడుస్తున్న ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. కింద 'ఆనందబాష్పాలు' అని వేశారు.

క్యాంపులో ఘనస్వాగతం ఏర్పాటైంది. దారికి రెండు పక్కలా నిలబడి చప్పట్లు కొట్టాం. చెంపలకు అలవాటుపడిన బాబ్జీ చేతులు కూడా ఆ రోజు చప్పట్లే కొట్టాయి. అధ్యక్షులు మైకు అందుకున్నారు.

"మన ఆడపడుచు మహమ్మారిని జయించి క్షేమంగా ఇల్లు చేరుకుంది. ఇంటిని మించిన రక్షణ ఎక్కడుందండీ?"

దేవిక గేటు దగ్గర ఆగింది. వాకిట్లో చేతులు చాచి నిలబడ్డ మొగుణ్ణి చూసింది. వెనక్కి తిరిగి మా అందరినీ వరసగా, ఒక్కొక్కరినీ చూసింది. మాస్కు కిందికి లాగి, కడుపులోంచి తెచ్చుకుని, గట్టిగా దగ్గింది.

చప్పట్లు ఆగిపోయాయి. అధ్యక్షులు మైకు అక్కడే పడేశారు. బాబ్జీ లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడు. మేమూ ఇళ్ళలోకి పరుగెత్తి తలుపులు బిగించుకుని అంబులెన్సుకు ఫోన్లు చేశాం. ఒక్క నిమిషంలో నలభై రెండు ఫోన్లు. ఒక ఆడమనిషిని ఆ ఇంటి నుంచి వెంటనే తీసుకుపొమ్మని మా క్యాంపు యావత్తూ ఒక్క గొంతుతో బతిమాలింది.

అందులో మొదటి ఫోను నాదే. బాబ్జీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆరేళ్ళుగా అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.