పెద్ద డబ్బాకు పరీక్ష

"ఏనుగును తెచ్చాక గుమ్మం వెతుకుతారా ఎవరైనా?" అని టైలరమ్మ అడిగేసరికి కాఫీ చల్లారింది గానీ గొడవ చల్లారలేదు.

"గుమ్మం ఎవరడిగారు? బల్ల అడుగుతున్నాను. ఒక్క బల్ల," అన్నారు ఆవిడ భర్త, బడి మాస్టారు.

ఆ బల్ల కిటికీ పక్కన ఉంది. దాని మీద ఆవిడ కుట్టు మిషను ఉంది. ఆ వెలుతురులో కూర్చునే ఆవిడ ఇన్నేళ్లుగా వీధిలో సగం మందికి బట్టలు కుట్టింది. టైలరమ్మ అని పేరు పెట్టింది కూడా ఆ సగం మందే.

పుట్టింటి నుంచి ఆవిడకు ఒక జత చెక్క స్పీకర్లు వచ్చాయి. మిషను తొక్కుకుంటూ వయొలిన్ వినాలని ఆవిడ కోరిక. సీడీ ప్లేయరు ఇంట్లో ఉంది. మధ్యలో కావలసిందల్లా ఒక ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్, అంటే ప్లేయర్లోంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచి స్పీకర్లకు అందించే పెట్టె. ఆవిడే దుకాణానికి వెళ్లి, చెవి ఒగ్గి విని, టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఎంచుకుని తెచ్చుకుంది. రెండే మీటలు. ఒకటి వెయ్యడానికి, ఇంకొకటి పెంచడానికి.

అక్కడితో అయిపోవలసిన కథ, మరిది రావడంతో మొదలైంది. అతను దేన్నైనా బరువును బట్టి నమ్మే మనిషి. పుచ్చకాయలు, తాళంకప్పలు, డాక్టర్లు, అందరికీ అదే కొలత.

"వదినా, ఇది యాంప్లిఫయరా? నేను సబ్బుపెట్టె అనుకున్నా," అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా, నచ్చకపోతే తిరిగిచ్చే ఒప్పందం మీద ఆ ఉదయమే ఇంకో డబ్బా తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ మెట్లెక్కించి దాన్ని అలమరలో పెడితే అలమర పలక విల్లులా వంగింది. అందుకే బల్ల.

"పోటీ పెడదాం," అన్నారు మాస్టారు. "ఏది బాగా మోగితే అది ఉంటుంది. పెద్దది గెలిస్తే నీ మిషను వంటింట్లో పెట్టుకో."

"వంటింట్లో చీకటండీ! సూదిలో దారం ఎలా ఎక్కించమంటారు?"

"లైటు వేసుకో."

పెట్టి చూడకపోతే వీళ్లకు అన్నం సయించదని ఆవిడకు తెలుసు. సరేనంది. మిషను వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపుకు అడ్డం పడింది. తలుపు బెత్తెడు మించి తెరుచుకోవడం లేదు. పెద్ద డబ్బా ప్లగ్గు లావుది. అది పట్టే సాకెట్టు ఇంటి మొత్తానికి ఒక్క ఫ్రిజ్ దగ్గరే ఉంది. ఫ్రిజ్‌ను ఆపేసి, అక్కణ్నుంచి ముందు గదిలోకి పొడుగాటి వైరు లాగారు. అది అత్తగారి కాళ్లకు తగిలి ఆవిడ గోడ పట్టుకున్నారు. ఈ చప్పుళ్లన్నీ విని పై ఇంటాయన దిగివచ్చాడు.

"ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" ఆయన గొంతులో ఆశ దాగలేదు. "మా బావమరిది ఇల్లు వెతుక్కుంటున్నాడు."

"లేదండీ, సంగీతం వింటున్నాం."

"ప్రస్తుతానికి అదీ బాగానే ఉంది," అని ఆయన కుర్చీ లాక్కున్నాడు.

పరీక్షలకు కాపలా కాసీ కాసీ మాస్టారికి లోకమంతా పరీక్ష హాల్లా కనబడుతుంది. డబ్బాలు కంటికి కనిపిస్తే పక్షపాతం వస్తుందని స్పీకర్లను ముందుకు జరిపి, డబ్బాలకు అడ్డంగా దుప్పటి కట్టించారు. వెనక వైర్లు మార్చడానికి ఒక మనిషి కావాలి.

"నువ్వెళ్లు. నీకెలాగూ తేడా తెలీదు," అన్నారు భార్యతో. "ఏది ముందో నీ ఇష్టం. కానీ లోపల్నుంచి మాట వచ్చిందా, కాపీ కొట్టినట్టే!"

టైలరమ్మ ముందు చిన్నదానికి వైర్లు కలిపింది. వయొలిన్ మోగింది.

"ఒకటో నంబరు పలచగా ఉందన్నయ్యా. నీళ్లు కలిపిన పాలలా," అన్నాడు మరిది.

"పాస్ మార్కులు. అంతకు మించి రావు," అన్నారు మాస్టారు.

ఆవిడ వైర్లు తీసి పెద్దదానికి కలిపింది. మీట నొక్కింది. దీపం వెలగలేదు. మళ్లీ నొక్కింది. ఊహూ.

"ఏమండీ, ఇది..."

"మాట్లాడకూడదు!"

"అది కాదండీ, దీనికి..."

"హాల్లోంచి పంపించేస్తాను!"

"రూలంటే రూలే వదినా!"

ఆవిడ మీట మీంచి చెయ్యి తీసేసింది. రెండోసారి కూడా పాట రావాలన్నారు గానీ ఏ డబ్బాలోంచి రావాలో చెప్పలేదు కదా అనుకుంది. వైర్లు పీకి మళ్లీ చిన్నదానికే కలిపి, అదే పాట వేసి, నవ్వు బయటికి పొక్కకుండా పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

"అదీ!" మరిది తొడ చరుచుకున్నాడు. "అన్నయ్యా, నేల అదురుతోంది. కడుపులో తెలుస్తోంది!"

"నాకైతే వాయించేవాడి ఊపిరి కూడా వినబడుతోంది," అన్నాడు పై ఇంటాయన కళ్లు మూసుకుని.

"నూటికి నూరు," అని ప్రకటించారు మాస్టారు. "ఏదీ, ఒకటోది ఇంకొక్కసారి పెట్టు."

ఆవిడ ఏ వైరూ ముట్టకుండా పాట మొదటికి తిప్పింది.

"అబ్బే! తీసెయ్, తీసెయ్. దాని తర్వాత దీన్ని వినలేం."

అప్పుడు అత్తగారు ఆయాసపడుతూ వంటింట్లోంచి వచ్చారు, చేతిలో కళ్ల మందు సీసాతో.

"ఒరేయ్, ఇది చల్లగా ఉండాలని డాక్టరు చెప్పాడా లేదా? ఫ్రిజ్ ఆపేస్తే ఎలారా? మీ లావు ప్లగ్గు పీకేసి దాని ప్లగ్గు దానికి పెట్టాను. మీకేం అడ్డం రాలేదు కదా?"

వయొలిన్ మాత్రం మోగుతూనే ఉంది.

"ఎప్పుడు పీకావమ్మా?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"మీరు దుప్పటి కడుతున్నప్పుడే. అప్పట్నుంచీ ఆ మిషను సందులోంచి ఇవతలికి రాలేక చస్తున్నా."

"అయితే ఆ ఊపిరి..." అని పై ఇంటాయన కళ్లు తెరిచాడు.

"మా అత్తయ్యదండీ," అంది దుప్పటి వెనక నుంచి టైలరమ్మ.

మాస్టారు దుప్పటి ఎత్తి పెద్ద డబ్బా మీద చెయ్యి వేశారు. రాయిలా చల్లగా ఉంది. పక్కన టిఫిన్ డబ్బా చిన్న దీపం వెలిగించుకుని తన పని తాను చేసుకుపోతోంది.

"నువ్వైనా చెప్పొద్దా?"

"చెప్పబోతే హాల్లోంచి పంపించేస్తానన్నారుగా."

మరిది తన కడుపు వైపు అనుమానంగా చూసుకున్నాడు.

టైలరమ్మ దుప్పటి విప్పి, అంచులు కలిపి, తీరిగ్గా మడత పెట్టింది. తర్వాత కుట్టు పూర్తయ్యాక దారం తెంపినంత మెల్లగా అందరికీ చెప్పింది.

"చిన్నది ఉంటుంది. నా మిషను కిటికీ దగ్గరికి వస్తుంది. భోజనాలు ఆ తర్వాతే."

"ఆ వయొలిన్ కాస్త పెంచవే," అన్నారు అత్తగారు కుర్చీలో సర్దుకుంటూ.

పెద్ద డబ్బాను అన్నదమ్ములు మెట్లు దించుతుంటే వచ్చిన మూలుగులు మాత్రం, ఏ యాంప్లిఫయరూ లేకుండానే వీధి చివరి దాకా వినిపించాయి.