పదకొండు భాషల్లో మణికట్టు

ఒక ప్రజాస్వామ్యం ఎంత గట్టిదో తెలియాలంటే దాని టైపిస్టుల మణికట్టు పట్టి చూడాలి. దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లోని మా పింఛను కార్యాలయం 1996లో సరిగ్గా ఆ పనికే పూనుకుంది.

తెల్లవాళ్ల ప్రభుత్వం పోయాక కూడా జాతికొక గదిలో మగ్గుతున్న పాత దస్త్రాలన్నీ ఒకే కంప్యూటర్లోకి ఎక్కాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఎక్కించేది క్లెయిర్‌వుడ్ పేట నుంచి వచ్చే టైపిస్టు సరస్వతి. (రెండో కంప్యూటరేమో మేనేజరు సెసిల్ గారి బల్ల మీద, హోదా నిమిత్తం ఉంది.) చలికాలం వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి టీకప్పు కూడా ఎత్తలేకపోయింది.

"చెయ్యి పోతే నా ఉద్యోగం పోతుంది సార్. కొన్నాళ్లు కౌంటర్లో కూర్చోబెట్టండి."

"ఎవర్నీ అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం పాత ప్రభుత్వం పద్ధతి," అన్నారు సెసిల్ గారు. "ఇప్పుడు అందరినీ సంప్రదించాలి."

మణికట్టు పరిరక్షణ సంఘం ఏర్పడింది. తోటమాలితో సహా అన్ని వర్గాలకూ చోటు దొరికింది, టైపిస్టులకు తప్ప (వాళ్లు టైపు చేస్తున్నారు). హైదరాబాదు నుంచి కొత్తగా దిగిన కంప్యూటర్ నిపుణుడు గిరిధరరావు గారు వచ్చి కుర్చీ ఎత్తు కొలిచారు.

"సెయ్యి నొప్పెడతాది, కుర్సీ కాదంకుల్!" అంది సరస్వతి, వాళ్లవ్వ దగ్గర నుంచి మిగిలిన తెలుగులో.

"తెలుసమ్మా. కానీ చెయ్యి నా పరిధిలోకి రాదు."

బుట్టలకొద్దీ సమోసాలు తిన్నాక సంఘం ఏకగ్రీవంగా ఒక నియమం చేసింది: 'నొప్పి మొదలైన క్షణమే టైపింగ్ ఆపవలెను.' మంచి నియమమే. అయితే దేశానికి అధికార భాషలు పదకొండు. ఏ భాషకూ అన్యాయం జరగరాదు కనుక, పదకొండింటిలోనూ సుదీర్ఘ పీఠికతో సహా టైపు చేసి గోడకు అంటించాకే అది అమల్లోకి వస్తుందని తీర్మానించారు.

సరస్వతికి ఇంగ్లీషు వచ్చు. బడిలో బలవంతాన నేర్పిన ఆఫ్రికాన్స్, బస్సులో నేర్చిన జూలూ కొంచెం వచ్చు. మిగతావి అక్షరం అక్షరం చూసి కొట్టింది. వెండా భాష దగ్గర బొటనవేలు బిగుసుకుపోయింది.

"ఇక ఆపేదా సార్?"

"నియమం ఇంకా అమల్లోకి రాలేదుగా! త్వరగా కానివ్వు, ఇదంతా నీకోసమే."

నియమం గోడకెక్కింది. ఆమె చెయ్యి మెడలోంచి వేలాడే కట్టులోకెక్కింది. అప్పుడు కౌంటరు పని సంగతి సంఘం ముందుకొచ్చింది.

తీర్పు సెసిల్ గారే చదివారు. నొప్పి మొదలయ్యాక కూడా ఆమె టైపు చేసినట్టు రుజువైంది (రుజువు గోడ మీదే ఉంది). నియమం తెలియదనడానికి వీల్లేదు, పదకొండు భాషల్లోనూ కొట్టింది ఆమే. గాయం స్వయంకృతం. కౌంటరు పని ఇవ్వబడదు. టైపు చేయలేని టైపిస్టు పోస్టు రద్దు చేయడమైనది.

అప్పీలు చేసుకోవచ్చు. చేతిరాత అర్జీలు స్వీకరించరు.