దేహం దిల్‌సుఖ్‌నగర్‌లో, జనాభా ఊళ్ళో

దేహం వేరు, ఆత్మ వేరు అన్న సిద్ధాంతాన్ని హేతువాదులు ఇంతకాలం కొట్టిపారేస్తూ వచ్చారు. తప్పు చేశారు! దానికి తిరుగులేని రుజువు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి, కొత్తపేట వైపు ఏ సందులోకైనా తిరగండి. అక్కడ కనిపించేవన్నీ దేహాలే. వాటి ఆత్మలు దేవరకొండలోనో, మిర్యాలగూడలోనో, ఏలూరు పక్కనో ఉంటాయి. ఆ ఆత్మకు ప్రభుత్వ పరిభాషలో ‘జనాభా’ అని పేరు.

మనిషి ఒకే సమయంలో ఒకే చోట ఉండాలన్నది పాత భౌతికశాస్త్రం. మన నగరం ఆ దశ దాటిపోయింది. ఇక్కడ దేహం కిరాయి కడుతుంది, మెస్‌లో తింటుంది, గ్రూప్స్‌కు చదువుతుంది, తెల్లవారగానే స్నానం చేస్తుంది. ఆత్మ ఊళ్ళో ఓటు వేస్తుంది, రేషన్ కార్డులో కూర్చుంటుంది. ఒక్క మనిషితో రెండు ఊళ్ళు నిండుతున్నాయి! ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకే దేశంలో ఉంది?

ఎంత పొదుపైనదైనా, ఇంద్రమ్మకు అది నచ్చలేదు. కారణం తత్త్వశాస్త్రం కాదు, ఆమె గేటు ముందున్న మ్యాన్‌హోల్.

ఇంద్రమ్మ కొత్తపేట పాత కాపురస్థురాలు. ఇప్పుడు హాస్టళ్ళు లేచిన ఆ సందు ఒకప్పుడు ఆమె మామగారి జొన్నచేను. చేను ప్లాట్లయింది, ప్లాట్లు ఇళ్ళయ్యాయి, ఇళ్ళు హాస్టళ్ళయ్యాయి. పక్కనున్న పండ్ల మార్కెట్టు తరలిపోతే సందు కాస్త ఊపిరి పీల్చుకుంటుందనుకున్నారు. లారీలు పోయిన చోటికి మంచాలు వచ్చాయి. సంసారాలు ఒక్కొక్కటే హయత్‌నగర్ అవతలికి జరిగిపోయాయి. ఒక సంసారం ఖాళీ చేసిన వాటాలో ఒక తరగతి గదికి సరిపడా దేహాలు వచ్చి చేరాయి. ఇంద్రమ్మ ఇల్లూ అందుకు మినహాయింపు కాదు: కింద ఆమె, పై అంతస్తులన్నీ ఆడపిల్లలు.

భూమి కింద మురుగు పైపు మాత్రం చేను ప్లాట్లయిన నాటిదే. పొద్దున్నే సందు సందంతా ఒకేసారి స్నానానికి లేచేది. ఆ పైపు తన వల్ల కానిదంతా తెచ్చి ఇంద్రమ్మ గేటు ముందు కక్కేది. ముగ్గు వేసే చోట ఆమె ఇటుకలు పేర్చుకుని, వాటి మీద అడుగులేస్తూ పాలకు వెళ్ళేది. పోయిన వానాకాలం ఆ ఇటుక మీదే జారి మోకాలి చిప్ప పగిలింది. ఇంకోసారి పడితే లేచేది లేదని డాక్టరు చెప్పాడు. పైపన్నా మారాలి, లేదా ఇల్లమ్ముకుని ఆమె అన్నా మారాలి. ఆమెకు ఇల్లు వదలాలని లేదు.

అందుకని ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, కంప్యూటర్‌లో చూసి చెప్పాడు.

“అమ్మా, పెద్ద పైపు జనాభాను బట్టి శాంక్షన్ అవుతుంది. మీ సందులో ఉన్న జనాభాకు ఇప్పుడున్న పైపే ఎక్కువ.”

“సారూ, జర ఒక్క దినం పొద్దుగాల మా గల్లీకి రాండ్రి. జనాభా మీ బూట్లల్లకు ఒస్తది.”

ఇంజనీరు నవ్వి, ఒక దారి చూపించాడు. వచ్చే నెల దేశమంతటా ఒకే రోజు ఇంటింటి జనాభాను రాసుకునే గడప లెక్క జరగబోతోంది. ఆ రోజు ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే రాసుకుంటారు. అందరినీ సందులోనే ఉండమంటే సరి!

ఇంద్రమ్మ వెనక్కి వచ్చి, ఎదురింటి రామమోహనరావును పిలిచింది. ఆయనది ఏలూరు పక్క. నడిపేది మగపిల్లల హాస్టలు.

“అదేమంత పనండీ! భోజనం పెడితే ఎవరు కదులుతారండీ?” అన్నాడాయన.

“పెడుదాం రావుగారు. బగారన్నం, కోడికూర. కడుపునిండ తిని ఎవల మంచం మీద వాళ్ళు కూసోవాలె. లెక్కలోడు రాసుకోని పోవాలె.”

పగిలిన మోకాలితో ఆమె అన్ని అంతస్తులూ ఎక్కి, గది గదికీ చెప్పి వచ్చింది. దేవరకొండ నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతున్న అఖిలకు ఒక్క సందేహం మిగిలింది.

“ఆంటీ, ఈడ రాపిస్తే ఊళ్ళె పేరు పోతదేమో?”

“పోతే పోనీ బిడ్డా. ఊళ్ళె నువ్వేమన్న తానం చేస్తున్నవా?”

గదిలో పిల్లలంతా నవ్వారు. అందరూ ఉంటామన్నారు. ఆ మాట అన్నది దేహాలే అని ఇంద్రమ్మకు అప్పుడు తోచలేదు.

గడప లెక్క రోజు ఉదయం పెరట్లో డేగిసాలు పొయ్యి మీదికెక్కాయి. మసాలా వాసన నాలుగో అంతస్తు దాకా వెళ్ళింది. ఆ వాసన వెంట పిల్లలు కిందికి దిగారు, భుజాలకు బ్యాగులతో!

“ఏందే అఖిలా, గీ సంచులేంది?”

“ఆంటీ, మా ఊళ్ళె మనుషులు తక్కువైతే బడి మూస్తరంట. సర్పంచ్ బస్సు పెట్టిండు, ఎల్బీనగర్ల నిలబడ్డది. నాయిన ఒకటే ఫోన్లు. రాపించుకోని పొయ్యొస్త.”

“మరి కూర? ఎవలకు ఒండిన్నే నేను?”

“డబ్బాల పెట్టియ్యుండ్రి ఆంటీ, బస్సుల తింటం!”

కోడికూర సైతం ఊళ్ళోనే లెక్కకెక్కింది. ఆ ఉదయం ఎల్బీనగర్ చౌరస్తాను చూడవలసింది! దేహాలు తమ ఆత్మలను కలుసుకోవడానికి బస్సుల పైకప్పుల దాకా నిండాయి. నగరం మీద ఇంత ప్రేమతో వచ్చినవాళ్ళు, దాన్ని ఇంత క్రమశిక్షణతో ఖాళీ చేయడం ముచ్చటగా ఉంది.

ఇంద్రమ్మ ఎదురింటి వైపు చూసింది. అక్కడా తాళం. రామమోహనరావు ఫోనులో దొరికాడు.

“మా అన్నయ్య ఊరుకోవడం లేదండీ. లెక్కకు లేకపోతే పొలం దిక్కులేనిదని రాసుకుంటారటండీ. అయినా మీరున్నారుగా!”

“సదువుకున్నోళ్ళు, మీరు గూడ గిట్లనే చేస్తిరా!” అని ఇంద్రమ్మ ఫోను పెట్టేసింది. పెట్టీ పెట్టగానే అది మళ్ళీ మోగింది. ఈసారి ఆమె తమ్ముడు బాల్‌రాజ్. కొత్తపేట ప్లాట్లమ్మిన నాడు ఆమె హయత్‌నగర్ అవతల తమ్ముడి ఊళ్ళో నాలుగెకరాలు కొని, చిన్న ఇల్లు కట్టి, తాళం వేసి ఉంచింది.

“అక్కా, తాళమున్న ఇంటిని ఖాళీ ఇల్లని రాసుకుంటరంట. ఖాళీ అని రాస్తే రేపు ఏం పోతదో ఎవలకెరుక? జల్ది రా.”

ఇంద్రమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. తాను ఒక్కతి వెళ్తే సందుకు వచ్చే లోటేమిటి? లెక్కలాయన తమ సందుకు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి తిరిగి రావచ్చు. ఆమె గేటుకు తాళం వేసి, ఇటుకల మీదుగా దాటి, హయత్‌నగర్ షేర్ ఆటో ఎక్కింది.

ఆమెను చూసి నవ్వేముందు పాఠకులు తమ ఓటు ఏ ఊళ్ళో ఉందో ఒకసారి చూసుకోవాలి.

లెక్కలాయన మధ్యాహ్నమే వచ్చాడు. గడప గడపకూ తాళం. ఒక హాస్టలు మెట్ల కింద వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. బిహార్‌లోని తన ఊళ్ళో భార్య తన పేరు పొద్దున్నే రాయించేసిందని, రెండుసార్లు రాస్తే నేరమని అతను వినయంగా చెప్పాడు. అలా రాజధానిలోకెల్లా కిక్కిరిసిన సందుల్లో ఒకటి నిర్జనమని తేలింది.

లెక్కలు వెలువడ్డాక ఇంద్రమ్మ మళ్ళీ ఇంజనీరు ముందు కూర్చుంది.

“మీ సందులో ఎవరూ లేరు కదమ్మా!”

“మరి నేనెవల్ని సారూ? గా నీళ్ళెవలివి?”

“వాన నీళ్ళయి ఉంటాయి,” అన్నాడాయన మర్యాదగానే. అది ఎండాకాలం.

ఇందులో నష్టమేముంది? మనుషులే లేని చోట డ్రైనేజీ సమస్య ఉండదు. మోకాలు పగిలేందుకు మోకాలే లేదు! లెక్క ప్రకారం దేశమంతా ఇలాగే ఖాళీ అయితే సమస్యలన్నీ ఒక్క రోజులో తీరిపోతాయి.

పైపు మాత్రం వచ్చింది, జనాభా ఉన్న చోటికి. బాల్‌రాజ్ ఊళ్ళో ఆ రోజు జనాభా పండుగలా పొంగింది కాబట్టి, అక్కడికే పెద్ద పైపు శాంక్షన్ అయింది. పని పూర్తయ్యాక చూడమని అతను అక్కను పిలిచాడు. వీధికి రెండు వైపులా తాళాలు. మధ్యలో నున్నటి సిమెంటు మూతలు, మూత కింద మనిషి వంగి నడవగలిగే పైపు. అందులో ఒక్క చుక్క తడి లేదు.

“ఇగ ఆ ఇల్లమ్మి ఈడికే రా అక్కా. మోరీ చూడు, అద్దం లెక్కుంది.”

“ఒచ్చి ఎవలతోని మాట్లాడాలెరా? నీ మోరీతోనా?”

అంతలో రామమోహనరావు ఫోను. “ఇంద్రమ్మగారూ, ఇవాళ ఇటుకలు కూడా మునిగాయండీ. వచ్చేటప్పుడు జాగ్రత్తండీ.”

ఆత్మను నీరు తడపలేదని మన పెద్దలు ఏనాడో చెప్పారు. పైపులు శాంక్షన్ చేసేవాళ్ళు ఆ ఒక్క ముక్క విన్నట్టు లేదు.

ఇంద్రమ్మ ఫోను కొంగున ముడివేసుకుని, ఆ మూత దాటి నడిచింది. అదే వీధిలోని తన చిన్న ఇంటి తాళం తీసింది.

“బాల్‌రాజ్, రెండు బకిట్ల నీళ్ళు తోడు. తానం చేస్త.”

“పొద్దుగాల చేసి రాలేదా అక్కా?”

“చేసిన. గా నీళ్ళు మా గేటు ముంగట ఉన్నయి. ఈడ రాపించుకున్న గదా, నా లెక్క మీద ఒచ్చిన పైపుల ఒక్క చెంబన్న పోనీ.”

ఆ నీరు ఎవరి గుమ్మమూ తడపకుండా, ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమె ఎల్బీనగర్ వైపు ఆటో ఎక్కి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, నిర్జనమైన తన సందులోకి దిగింది.